రాడార్‌లో 1.8 మీటర్లు, తవ్వితే 0.9కే పైపు: తేడా ఎందుకొచ్చిందంటే

నేలలోకి తరంగాలు పంపి పైపులు వెతికే రాడార్‌లో డైఎలక్ట్రిక్ విలువ (నేలలో తరంగం ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 4 పెట్టి స్కాన్ చేస్తే పైపు 1.8 మీటర్ల లోతులో చూపించిందని, తవ్వితే 0.9 దగ్గరే తగిలిందని రాశారు. యాంటెన్నా బాగానే ఉందండీ, సెట్టింగే తప్పింది. రాడార్ కొలిచేది తరంగం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని మాత్రమే. లోతు అనేది మీరిచ్చిన విలువతో వేసిన లెక్క.

4 అనేది పొడి ఇసుకకు సరిపోతుంది. అక్కడ వేగం నానోసెకనుకు 0.15 మీటర్లు. ఆ లెక్కన 1.8 మీటర్లంటే రానూపోనూ 24 నానోసెకన్లు. అసలు లోతు 0.9 కాబట్టి నిజమైన వేగం 0.075, అంటే విలువ 16. తడి నేలకు ఇది మామూలే. 16 పెట్టి అదే పైపు మీద మళ్లీ నడిపి చూడండి. వాన పడ్డాక, మట్టి రకం మారినచోట మళ్లీ సరిచూసుకోవాలి. అన్ని లోతుల్లోనూ ఒకే తేడా వస్తుంటే మాత్రం అది వేగం సమస్య కాదు, సున్నా సమయం, అంటే లోతు లెక్క మొదలయ్యే క్షణం, పక్కకు జరిగినట్టు.

తవ్వే వీల్లేని చోట, తెరమీద పైపు కనబడే విల్లు ఆకారానికి వంపు సరిపోల్చి వేగం తీయొచ్చు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైపును ఏటవాలుగా దాటితే విల్లు వెడల్పవుతుంది. వేగం, లోతు రెండూ ఎక్కువొస్తాయి. ముందు అర మీటరు ఎడంతో మూడు వరుసలు నడిచి, విల్లు శిఖరాలను నేలమీద సున్నంతో గుర్తుపెట్టి కలపండి. అదే పైపు దారి. దానికి సరిగ్గా అడ్డంగా తీసిన స్కాన్‌నే లెక్కకు వాడండి. వేగం 0.3 వచ్చిందంటే అది గాలిలో వేగం, కాబట్టి ఆ విల్లు నేలలోది కాదు, పైనున్న తీగో చెట్టో.

గుర్తుపెట్టిన చోట యంత్రం దింపకండి, చేత్తోనే తవ్వించండి. లోతు ఎక్కువ చూపించే తప్పుకే పైపులు పగులుతాయి.