మెకానికల్ చదివిన మా మేనల్లుడికి: ఎక్కడ చేరాలో ఎలా చూసుకోవాలంటే

ఒరే అల్లుడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు రెండ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం కూడా తినట్లేదని చెప్పింది, ఆ ఐటీ ఆఫర్‌కి హైదరాబాద్ వెళ్ళిపోవాలా లేక మెకానికల్‌లోనే ఏదో ఒకటి చూసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నావంట. నువ్వు పంపిన మెసేజ్ కూడా చూశాను. "మావయ్యా, వైజాగ్‌లో మెకానికల్‌కి బెస్ట్ కంపెనీ ఏది" అని ఒక్క లైన్ పెట్టావు. దానికి ఒక్క లైన్‌లో జవాబు రాదురా. అందుకే ఈ రాత్రి కూర్చుని టైప్ చేస్తున్నా, పొడుగైతే రెండు విడతల్లో చదువుకో.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మొదటి మూడేళ్ళు నీ చేతికి ఏ మెషిన్ అందుతుంది, అది విప్పినప్పుడు పక్కన నిలబడి నేర్పేవాడు ఉన్నాడా లేదా, ఈ రెండే చూడు. గేటు మీద బోర్డు ఎంత పెద్దది, ప్యాకేజీ ఎంత అన్నవి తర్వాత. నేను 34 ఏళ్ళు మెయింటెనెన్స్‌లోనే చేశాను కదా, ఇది తప్ప ఇంకేదీ ఇంత గట్టిగా చెప్పలేను.

నా మొదటి ఉద్యోగం సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. బయట ఊళ్ళో ఒక పెద్ద పేరున్న కంపెనీ, ఇంజనీర్ అని ఐడీ కార్డు, మా నాన్న ఊరంతా స్వీట్లు పంచాడు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని లాకర్లో పెట్టేసుకున్నారు. 14 నెలలు నాతో చేయించిందల్లా స్టోర్స్ రిజిస్టర్లు నింపడం, లారీలకి గేట్‌పాస్‌లు రాయడం. ఒక్క నట్టు విప్పలేదు. మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వలేదు, రెండు నెలల జీతం వదులుకుంటే గానీ చేతికి రాలేదు. నువ్వు మాత్రం ఎవడికీ ఒరిజినల్స్ ఇవ్వొద్దు. చూపించు, జెరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చేసుకో. "కంపెనీ పాలసీ" అని ఎవరన్నా అంటే అక్కడ్నుంచి లేచి వచ్చేయ్.

తర్వాత ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో సగం జీతానికి చేరాను. పంపులు, గేర్‌బాక్సులు రిపేర్‌కి వచ్చేవి. అక్కడ ఒక పెద్ద ఫిట్టర్ ఉండేవాడు, పెద్దగా చదువుకోలేదు. ఓ రోజు పంపు నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి దాని మొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవి ఎముకకి నొక్కిపెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత నా చేతికిచ్చి "ఏటి బాబూ, ఇనండి, ఇసక నమిలినట్టు లేదూ" అన్నాడు. నిజంగానే కరకరమని సన్నటి చప్పుడు. విప్పి చూస్తే బేరింగ్ బయటి రింగు మీద గోరంత చెక్క లేచిపోయి ఉంది. కొత్త బేరింగ్‌ని నేను సుత్తితో కొట్టి ఎక్కించబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు, నూనెలో వేసి 110 డిగ్రీల దాకా కాచి షాఫ్ట్ మీదకి తోస్తే అది వెన్నలా జారి కూర్చుంది. 120 దాటనివ్వకూడదని కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడైతే ఇండక్షన్ హీటర్లు వచ్చాయి, వైబ్రేషన్ మీటర్లు వచ్చాయి, కానీ ఆ పూట నేర్చుకున్నదే తర్వాత ముప్పై ఏళ్ళు నాకు అన్నం పెట్టింది. అలాంటివాడు ఎక్కడుంటే అక్కడికి పోరా.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మెకానికల్ వాడికి ఇన్ని రకాల మెషిన్లు ఒకే ఊళ్ళో దొరకడం తక్కువ, అది నీ అదృష్టం అనుకో.

స్టీల్ ప్లాంట్ అంటే అందరికీ ప్రాణం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఇనుము కరిగించే మూడు పెద్ద కొలిములు (బ్లాస్ట్ ఫర్నేసులు), ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం, సముద్రం ఒడ్డున కట్టిన ప్లాంటు. అక్కడ పని నేర్చుకున్నవాడు దేశంలో ఎక్కడైనా బతుకుతాడు. కానీ 2021 జనవరిలో కేంద్రం వాటాలన్నీ అమ్మేయాలని నిర్ణయం తీసుకున్న దగ్గర్నుంచి అక్కడ పరిస్థితి నీకూ తెలుసు, 2025 జనవరిలో దాన్ని ఆదుకోవడానికి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు, ప్లాంటు నిలబడాలని నేను మనసారా కోరుకుంటున్నా. అయినా నువ్వు మాత్రం ఆ నోటిఫికేషన్ కోసమే ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోకు. వస్తే రాయి, ఈలోగా పని నేర్చుకుంటూ ఉండు.

షిప్‌యార్డ్ నాకు చాలా ఇష్టమైన చోటు. 1941లో సింధియా వాళ్ళు మొదలుపెట్టారు, ఆ ఏరియాని ఇప్పటికీ సింధియా అనే అంటాం కదా, 1948లో జల ఉష అనే ఓడ అక్కడే నీళ్ళలోకి దిగింది, 2010 నుంచి రక్షణ శాఖ కింద ఉంది. వెల్డింగ్, పైపింగ్, షాఫ్ట్ అలైన్‌మెంట్ మీద మనసున్నవాడికి అంతకన్నా బడి లేదు. మింది వైపు బీహెచ్‌ఈఎల్ వాళ్ళ హెవీ ప్లేట్స్ యూనిట్ ఉంది, పాత బీహెచ్‌పీవీ, 2013లో కలిపేశారు. ఒత్తిడిని తట్టుకునే ప్రెజర్ వెసల్స్, వేడిని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఎలా పుడతాయో చూడాలంటే అది. నేవల్ డాక్‌యార్డ్, నేవీ కోసం పరిశోధన చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ల్యాబ్ లాంటివి కూడా ఉన్నాయి. టార్పెడోల మీద, అంటే నీళ్ళలో దూసుకెళ్ళే ఆయుధాల మీద పని చేసే ఆ ల్యాబ్‌కి డీఆర్‌డీవో సైంటిస్ట్‌గా వెళ్ళాలంటే గేట్ (ఇంజనీరింగ్ వాళ్ళు రాసే జాతీయ పరీక్ష) స్కోర్ కావాలి, పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉంటేనే చూసుకో.

గేట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. స్కోర్ మూడేళ్ళు చెల్లుతుందని అందరూ ధీమాగా ఉంటారు, కానీ పీఎస్‌యూలు, అంటే ప్రభుత్వ రంగ కంపెనీలు చాలావరకు ఫలానా సంవత్సరం స్కోరే కావాలని అడుగుతాయి, నోటిఫికేషన్ పూర్తిగా చదువు. మన సింహాద్రి ప్లాంట్ ఉన్న ఎన్‌టీపీసీ గేట్ మీద ట్రైనీలని తీసుకుంటుంది, అణు పరిశోధన చేసే బార్క్ వాళ్ళు కూడా గేట్ స్కోర్ చూస్తారు, అచ్యుతాపురంలో వాళ్ళకి క్యాంపస్ కూడా ఉందని నీకు తెలుసుగా. సింహాద్రిలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000, టర్బైన్ మొత్తం విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ ఒక్కటి చూశావంటే థర్మల్ సబ్జెక్ట్ మళ్ళీ పుస్తకం తెరవక్కర్లేదు.

రిఫైనరీ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కుర్రాళ్ళు ఈ దారి చూడరు. మల్కాపురంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ 1957 నుంచి ఉంది, అప్పట్లో కాల్టెక్స్ అనేవారు, ఈ మధ్య 83 లక్షల టన్నుల నుంచి కోటి 50 లక్షల టన్నులకి పెంచారు. డైరెక్ట్‌గా ఆఫీసర్‌గా వెళ్ళడం కష్టం, పోటీ మామూలుగా ఉండదు. కానీ అలాంటి పెద్ద ప్లాంట్లలో రిపేర్ల కోసం ప్లాంటు ఆపేసే షట్‌డౌన్లు వస్తాయి చూడు, అప్పుడు కాంట్రాక్టర్లు నెల, రెండు నెలలకి ఇంజనీర్లని, సూపర్‌వైజర్లని తీసుకుంటారు. పన్నెండు గంటల షిఫ్ట్, ఒళ్ళు పులిసిపోతుంది, నిజమే. కానీ ఆ నెల్లో ఎక్స్‌ఛేంజర్ లోపలి ట్యూబుల కట్ట (బండిల్) బయటికి లాగడం, ట్యూబులు కడగడం, ఫ్లాంజ్ బోల్టులు వరుస ప్రకారం ఎదురెదురుగా బిగించడం, నీళ్ళు నింపి ఒత్తిడి ఎక్కించే హైడ్రోటెస్ట్ పెట్టి గేజ్ వైపు కళ్ళు తిప్పకుండా నిలబడటం, ఇవన్నీ ఒకేసారి చూస్తావు. మామూలు రోజుల్లో మూడేళ్ళకి గానీ తగలని పని. రెండు షట్‌డౌన్లు చేసిన కుర్రాడిని ఏ మెయింటెనెన్స్ మేనేజరూ వదులుకోడు.

పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్ని మీ ఫ్రెండ్స్ "అవి కెమికల్ వాళ్ళకి" అని వదిలేస్తున్నారంట. పొరపాటు. అక్కడ బాయిలర్లు, చిల్లర్లు, కంప్రెసర్లు, కూలింగ్ టవర్లు, వాక్యూమ్ పంపులు, రియాక్టర్లు, సెంట్రిఫ్యూజ్‌లు అన్నీ ఉంటాయి, చూసుకునేది మెకానికల్ వాడే. ఈ బాయిలర్లు, చిల్లర్లు, కంప్రెసర్లు చూసుకునే యుటిలిటీస్‌లో నాలుగేళ్ళు గట్టిగా చేసి బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ పరీక్ష పాసయ్యావంటే పవర్ ప్లాంట్లు, షుగర్ ఫ్యాక్టరీలు, పేపర్ మిల్లులు ఎక్కడైనా పిలుస్తారు. అచ్యుతాపురంలో యోకోహామా టైర్ల ఫ్యాక్టరీ కూడా వచ్చింది, ఆ మెషిన్లు వేరే లోకం. ఇంక పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు, అలాంటి చోట్ల పైపింగ్, కంప్రెసర్లు తెలిసినవాడికి పని ఉంటుంది, కానీ శంకుస్థాపన రాయి చూసి ఇల్లు అద్దెకి తీసుకోకు.

ఫార్మా అన్నప్పుడు సేఫ్టీ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో ఏం జరిగిందో చూశాం, 17 మంది పోయారు, అందులో నీ వయసు పిల్లలున్నారు. ఇంటర్వ్యూలో చివర్న "మీరేమన్నా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు జీతం గురించి అడక్కు. "సార్, హాట్ వర్క్ పర్మిట్ మీద ఎవరు సంతకం పెడతారు, ట్యాంకులోకి దిగేముందు గ్యాస్ టెస్ట్ ఎవరు చేస్తారు" అని అడుగు. హాట్ వర్క్ అంటే వెల్డింగ్‌లాంటి నిప్పు పని, దానికి ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. టక్కున పేరు, డిపార్ట్‌మెంట్ చెప్పారంటే మంచి చోటు. "అవన్నీ చూసుకుంటాంలే" అన్నారంటే ఎన్ని లక్షలిచ్చినా వద్దు. మీ అమ్మకి నువ్వొక్కడివే.

కంపెనీ మంచిదా కాదా అని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నావంట. దానికన్నా మధ్యాహ్నం రెండింటికి ఎ-షిఫ్ట్ దిగేటప్పుడు గేటు బయట టీ కొట్టు దగ్గర అరగంట నిలబడు. జనం బయటికి ఎలా వస్తున్నారో చూడు. యూనిఫామ్‌కి నూనె మరకలున్న కుర్రాడిని పలకరించు, "అన్నా, జీతం ఏ తారీకున పడుతుంది, కాంట్రాక్ట్ రోల్సా కంపెనీ రోల్సా, పోయిన ఏడాది చేరినవాళ్ళు ఎంతమంది ఉన్నారు" అని అడిగితే చెప్పేస్తారు. పీఎఫ్ కడుతున్నారా లేదా అని తప్పకుండా అడుగు. మనవాళ్ళు అడిగితే దాచుకోరు, ఒక్కోసారి టీ డబ్బులు కూడా వాళ్ళే ఇచ్చేస్తారు.

అప్రెంటిస్‌షిప్‌ని తక్కువగా చూడకు. నాట్స్ అని కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఉంది, దాంట్లో ఇప్పుడే రిజిస్టర్ అవ్వు. ఏడాది ఉంటుంది, స్టైఫండ్ తక్కువే, చివర్న ఉద్యోగం ఇస్తామని ఎవరూ మాటివ్వరు. కానీ షిప్‌యార్డ్‌లాంటి గేటు లోపలికి నీ కాళ్ళతో నడిచి వెళ్ళే దారి అది. ముందు ఏదో ఒక ఉద్యోగంలో ఏడాది చేసేసి తర్వాత చూద్దాంలే అనుకోకు, ఏడాది, ఆపైన అనుభవం ఉన్నవాళ్ళని మామూలుగా తీసుకోరు.

రెజ్యూమ్‌లో "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" తీసేయ్, అందరూ రాసేదే. ఏ పంపు విప్పావు, ఏ డ్రాయింగ్ చదివావు, ప్రాజెక్టులో లేత్ మీద నువ్వు స్వయంగా ఏం తిప్పావు, అవి రాయి. నేను ఇంటర్వ్యూలు తీసుకున్నప్పుడు 6310 బేరింగ్ చేతికిచ్చి లోపలి బోర్ ఎంత అని అడిగేవాణ్ణి. చివరి రెండంకెలు అయిదుతో గుణిస్తే 50 మిల్లీమీటర్లు. ఫస్ట్ క్లాసు వాళ్ళు కూడా దిక్కులు చూసేవారు. చెప్పిన ఒకబ్బాయి వాళ్ళ నాన్న మెకానిక్ షాపులో పెరిగాడంట, వెంటనే తీసుకున్నాను, ఈరోజు పెద్ద స్థాయిలో ఉన్నాడు.

డబ్బులు కట్టి ఉద్యోగం అన్నవాడి మాట అస్సలు వినకు. పోర్టులో, షిప్‌యార్డ్‌లో, రైల్వేలో నాకు మనుషులున్నారు, మూడు లక్షలిస్తే చాలు అని ద్వారకానగర్‌లో, గాజువాకలో తిరుగుతుంటారు. మా వీధిలోనే ఒకాయన పొలం అమ్మి కట్టాడు, ఇప్పటికీ ఆ కుటుంబం తేరుకోలేదు.

బయట ఊళ్ళు కూడా చెడ్డవి కావు. శ్రీసిటీ, పెనుకొండ కియా, చెన్నై దగ్గర ఒరగడం, పూణే దగ్గర చకన్, ఆటోమొబైల్ మీద ఇష్టముంటే అవే, వైజాగ్‌లో ఆ పని తక్కువ. బీచ్ వదిలి ఉండలేనని ఆగిపోకు, మూడేళ్ళు చేసి తిరిగి రావచ్చు. ఐటీ ఆఫర్ సంగతంటావా, ఆ పని నచ్చి వెళ్తే నేను అడ్డు చెప్పను. మెకానికల్‌లో ఏం లేదని ఎవరో అన్నారని మాత్రం వెళ్ళకు.

ఆదివారం పొద్దున్నే ఇంటికి వచ్చేయ్, రెజ్యూమ్ పెన్‌డ్రైవ్‌లో కాదు, ప్రింట్ తీసి పట్టుకురా, ఎర్ర పెన్నుతో దిద్దాలి. అత్తయ్య ఇడ్లీ చేస్తానంది. తినేసి ఆటోనగర్‌లో నాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తా, అక్కడ ఒక గేర్‌బాక్స్ విప్పి పెట్టారు, సోమవారం బిగించేస్తారంట. పాత బట్టలు వేసుకునిరా.

నీ మావయ్య
గాజువాక