నడుం నొప్పి ఉంది... ఆఫ్రికాలో సఫారీ ట్రక్కు ఎక్కొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. రెండేళ్ల కిందట నడుంలో డిస్క్ జారి, మందులతో తగ్గింది. మా అబ్బాయి నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి అభయారణ్యాలకి తీసుకెళ్తానని పది రోజుల ట్రక్కు సఫారీ బుక్ చేశాడు. రాత్రుళ్లు టెంట్లలోనే పడుకోవాలట. వెళ్లొచ్చా డాక్టర్ గారూ? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వెళ్లొచ్చమ్మా. కాకపోతే ఇప్పుడు కాలిలోకి లాగే నొప్పి, తిమ్మిరి, పాదం పట్టు తప్పడం లాంటివి ఏవీ ఉండకూడదు. ఉంటే ముందు వైద్యం, తర్వాతే ప్రయాణం.

సెరెంగెటి వైపు కంకర రోడ్లు షెడ్డు మీద రేకుల్లా అలలు అలలుగా ఉంటాయి, గంటల తరబడి ఆ అదురంతా నేరుగా నడుంకే తగులుతుంది. మన ఆర్టీసీ బస్సులో చివరి సీట్లో కూర్చుంటే గుంత వచ్చినప్పుడల్లా ఎలా ఎగిరిపడతామో అక్కడా అంతే, కాబట్టి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఉండే సీటు కావాలని మొహమాటం లేకుండా అడగండి. నడుం వెనక చిన్న దిండు పెట్టుకోండి. నాకు ఎక్కువ భయం మాత్రం మీరు దిగేటప్పుడే. ఆ మెట్లు బాగా ఎత్తు, మూడు గంటలు కూర్చున్న నడుం బిగుసుకుపోయి ఉంటుంది. వెనక్కి తిరిగి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగండి, దూకొద్దు. బ్యాగులు ఎత్తడం, వంగి టెంట్ మేకులు కొట్టడం అబ్బాయికే వదిలేయండి.

ఇక నీళ్లు. జంతువులు తిరిగే చోట ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు, బాత్రూం ఎక్కడ దొరుకుతుందోనని చాలామంది ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లే తాగరు. షుగర్ ఉన్నవాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ రావడానికి ఇదే దారి. గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి, ఆగిన ప్రతిచోటా వెళ్లిరండి, ఎక్కడ ఆపుతారో పొద్దున్నే డ్రైవర్ని అడిగి పెట్టుకోండి.

సింహం కనిపించిందంటే భోజనం రెండు గంటలు ఆలస్యమైనా ఎవరికీ పట్టదు, కానీ గ్లిమెపిరైడ్ వేసుకున్న మీకు ఈలోపు షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు మొదలైతే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, తర్వాత బిస్కెట్లు తినండి. ఆ ప్యాకెట్లు పైన లగేజీలో కాదు, ఒళ్లో ఉండే సంచిలో పెట్టుకోవాలి.

కెన్యా నుంచి ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా సర్టిఫికెట్ లేకుండా వస్తే మన ఎయిర్‌పోర్టులో ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు, అందుకే చివరి వారం దాకా ఆగకండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్క డోసు చాలు. స్టెరాయిడ్లు వాడుతున్నా, గుడ్డు పడకపోయినా అక్కడ తప్పకుండా చెప్పండి. 60 దాటాక ఈ టీకా వేయాలంటే మేం ఇంకాస్త ఆలోచిస్తాం.

మలేరియా మాత్రలు వెళ్లే ముందు మొదలుపెట్టి, వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోవాలి, దోమతెర ఉంది కదా అని మానొద్దు. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం, ప్రాణం మీదకి తెచ్చే రకం. తిరిగొచ్చాక మూడు నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరు గదిలో కూర్చోగానే మొదటి మాటగా ‘ఆఫ్రికా వెళ్లొచ్చాను’ అని చెప్పండి.