పదును చూసి పంట వేయి

చిరంజీవికి పెదనాన్న దీవించి రాయునది.

కళ్యాణదుర్గం దగ్గరి ఐదెకరాల ఎర్రనేలను ఈ ఏడు నువ్వే సాగు చేస్తావని మీ నాయన చెప్పినందుకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మన అనంతపురానికి నైరుతి వానను పడమటి కనుమలు అడ్డుకుంటాయి; ఈశాన్య వాన సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి పలచబడుతుంది. అందుకే ఏడాది సగటు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగానే ఉంటుంది. ఆ కొద్దిపాటి వాన కూడా ఇప్పుడు కార్తెల లెక్కన రావడం లేదు. నెలంతా కురవవలసింది రెండు రోజుల్లో కురిసి, ఆపైన వారాల తరబడి చినుకు లేక బెట్ట పెడుతోంది. కాబట్టి పంటను ముందే ఖాయం చేసుకోకుండా, పదును, అంటే విత్తడానికి చాలినంత నేల తడి, ఎప్పుడు దొరికిందో చూసి నిర్ణయించుకో.

తొలి వానకే ఊరంతా విత్తడానికి గొర్రు కట్టినా నువ్వు తొందరపడవద్దు. కనీసం 20 మిల్లీమీటర్లు పడిన మరునాడు, పొలంలో నాలుగు చోట్ల జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కి చూడు. ముద్ద కట్టి నిలిస్తే విత్తవచ్చు. పొడిపొడిగా రాలిపోతే ఆగు. వేరుశనగకు ఎకరాకు 60, 70 కిలోల విత్తనం పడుతుంది. మొలక ఎండిపోతే రెండోసారి కొనడం చిన్న రైతు వల్ల అయ్యే పని కాదు.

జూలై ఆఖరులోపు పదును దొరికితే వేరుశనగ వేయి, కానీ మధ్యమధ్య కంది సాళ్లు తప్పక పెట్టు. విత్తిన 45 రోజుల ప్రాంతంలో వేరుశనగ ఊడలు, అంటే పూత తర్వాత వచ్చే, కొనకు కాయ కట్టే కాడలు, నేలలోకి దిగుతాయి. ఆ సమయంలో బెట్ట వస్తే ఎర్రనేల గట్టిపడి, ఊడ మొన పైపొరను దాటలేక అక్కడే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. కంది వేరు లోతుకు పోతుంది కనుక సెప్టెంబరు, అక్టోబరు వానలతో తేరుకుంటుంది. విత్తనానికి కదిరి పరిశోధన కేంద్రం రూపొందించిన కదిరి లేపాక్షి రకాన్ని కొంత నేలలో వేసి చూడు, బెట్టను తట్టుకుంటుంది.

ఆగస్టు వచ్చినా పదును లేకపోతే వేరుశనగ ఆశ వదులుకో. మనవాళ్లకు మనసొప్పనిది ఇదే, అయినా చాలా అప్పులు ఈ ఆలస్యపు విత్తుతోనే మొదలవుతాయి. అప్పుడు కొర్ర, అలసంద, మరీ ఆలస్యమైతే ఉలవ వేయి. కొర్రకు ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు, మూడు నెలల్లో పంట చేతికి వస్తుంది, గడ్డి పశువులకు పనికొస్తుంది. ఆ విత్తనాలను వేసవిలోనే తెచ్చి ఇంట్లో ఉంచు. అవసరం పడ్డ రోజున అంగట్లో దొరకవు.

అప్పు చేసి బోరు మాత్రం వేయించవద్దు. దానికి బదులు వాన నీరు నిలిచేలా పొలం పల్లంలో సేద్యపు కుంట తవ్వించు. ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 40 వేల లీటర్లు. ఊడలు దిగేటప్పుడు స్ప్రింక్లర్లతో ఆ ఒక్క తడి అందినా పంట నిలబడుతుంది. ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది కనుక, కుంట లోపల మట్టి 6 పాళ్లు, సిమెంటు 1 పాలు కలిపి పూత వేయించు.

చివరకు ఏ పంట వేసినా ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో నమోదు చేయించు. మధ్యలో వేరుశనగ మాని కొర్ర వేస్తే, పాత పంట పేరే ఉండిపోకుండా దగ్గరుండి మార్పించుకో. నష్టపరిహారం వచ్చినప్పుడు చూసేది ఆ నమోదునే.

ఇట్లు,
మీ పెదనాన్న