కంప్యూటర్ సందేహాలు: ఒకే బస్తా, రెండు కాంటాలు

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. ఆఫీసులో ఉన్నది 2017లో కొన్న కంప్యూటర్. విండోస్ 10, ర్యామ్ 4 జీబీ. పోయిన వారం ఫ్రీ యాంటీవైరస్ గడువు అయిపోయిందని తెర మీద వస్తే రెన్యూ చేశాను, పైసా కట్టలేదు. అప్పటి నుంచి ఆన్ కావడానికే పది నిమిషాలు. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ నొక్కితే తెల్లముఖం వేస్తోంది. కాంటా గదిలోని ప్రింటర్‌కు చీటీలు పోవడం లేదు. కింద కుడి మూలన షీల్డు గుర్తులు మాత్రం రెండు కనిపిస్తున్నాయి. యాసంగి వడ్ల లారీలు గేటు బయట ఆగి ఉన్నాయి, సేటు గరమవుతున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వైరస్ వచ్చిందా? ఫార్మాట్ కొట్టించాలా?

జవాబు: ఫార్మాట్ మాట ఇప్పుడే ఎత్తకండి. వైరస్ అని కూడా నాకు అనిపించడం లేదు. మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ రెండు షీల్డుల దగ్గరే ఉంది.

వాటి మీద మౌస్ పెట్టి పేర్లు చదవండి. ఒకటి విండోస్ సెక్యూరిటీ అయితే దాని తప్పు లేదు. అది విండోస్‌తోనే వస్తుంది, బయటి యాంటీవైరస్ ఉంటే అందులోని డిఫెండర్ అనే సొంత యాంటీవైరస్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. రెండూ బయటివైతేనే చిక్కు. కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాళ్లు వేసిన ఏడాది ప్యాక్ ఒకటి గడువు తీరినా తీసేయకుండా ఉండిపోయిందేమో. అప్పుడు టాలీ తెరిచే ప్రతి ఫైలునూ ఇదీ తనిఖీ చేస్తుంది, అదీ చేస్తుంది. ఒకే బస్తాను రెండు కాంటాల మీద తూచినట్టు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ కింద 100 శాతం కదలకుండా ఉంటే, జరుగుతున్నది ఇదే కావచ్చు.

ఇక ప్రింటర్. రెన్యూ చేసేటప్పుడు పెద్ద రంగు బటన్ నొక్కి ఉంటారు. అది ప్రీమియం ట్రయల్‌ది. ఫ్రీగానే కొనసాగిస్తాను అనేది దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ట్రయల్‌తో పాటు ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్‌లో రాకపోకలకు కాపలా కాసే ప్రోగ్రామ్, దిగుతుంది, అది మీ మిల్లు నెట్‌వర్క్‌ను బస్టాండులోని వైఫైలా చూసి పక్క గది ప్రింటర్‌కు దారి మూసేస్తుంది. మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు. నల్లగొండలో మా ఇంట్లో ఆ బటన్ నేనే నొక్కాను. తెల్లారితే మా అమ్మాయికి పరీక్ష, హాల్‌టికెట్ ప్రింట్ రాదు. రాత్రి పది గంటలకు క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపతను షట్టర్ సగం దించాక బతిమాలి తీయించాను.

ముందు టాలీ డేటాను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిచి పాత యాంటీవైరస్‌ను తీసేసి రీస్టార్ట్ చేయండి. అప్పుడు రెన్యూ చేసినదాన్నీ తీసేసి మళ్లీ రీస్టార్ట్. మొండికేస్తే ఆ కంపెనీ సొంత సైటులో రిమూవల్ టూల్ ఉంటుంది. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన మాత్రం నొక్కకండి. చివరికి విండోస్ సెక్యూరిటీలో రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 4 జీబీ మెషీన్‌కు డిఫెండర్ ఒక్కటే చాలని నా అభిప్రాయం. ఫుల్ స్కాన్ మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు పెట్టండి.

సేటు చల్లబడ్డాక ఒక మాట వేయండి. విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఆ లోటును ఏ యాంటీవైరస్సూ పూర్తిగా పూడ్చలేదు. 2017 నాటి ప్రాసెసర్లలో చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. పాత హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయిస్తే స్పీడు వస్తుంది గానీ అప్‌డేట్లు రావు. కొత్తది కొనిపించగలిగితే అదే మేలు.

అన్నట్టు, మిల్లు ఆఫీసు కదా, కరెంటు తీసి సీపీయూ మూత ఒకసారి విప్పి చూడండి. మీ ఊరి నుంచే నా దగ్గరకు వచ్చిన ఒకదాంట్లో ఫ్యాన్ రెక్కల మధ్య తౌడు పిడకలా గట్టిపడి ఉంది, అగ్గిపుల్లతో గీకాల్సి వచ్చింది. మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే దుమ్మంతా మీ కళ్లలోకే.