డ్రైవ్ ఆకాశానికి లేస్తోంది, దూరం రావడం లేదు

ప్రశ్న: రెండేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. ఐరన్లతో (తక్కువ దూరాలకు వాడే లోహపు క్లబ్‌లు) ఫర్వాలేదనిపించేలా కొడుతున్నాను గానీ, డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పెద్ద తల క్లబ్) పట్టుకుంటే మాత్రం బంతి అవసరానికి మించి పైకి లేచి, చివర్లో గాలిలో నిలబడిపోయినట్టై నిలువునా కింద పడుతోంది. కుడివైపు వంగడం కూడా తరచుగా జరుగుతోంది. నా డ్రైవర్ లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం, 10.5 డిగ్రీలు. 9 డిగ్రీలది కొనుక్కోమని తోటి ఆటగాళ్లు అంటున్నారు. బంతిని నిలబెట్టే చిన్న పుల్లను, అంటే టీని, బాగా కిందికి దించి చూశాను, ప్రయోజనం కనిపించలేదు. ఏం చేయమంటారు?

జవాబు: కొత్త డ్రైవర్ ఆలోచనను కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీరు రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ‘గాలిలో నిలబడిపోయినట్టు’ అన్న మాట. డ్రైవ్ ఎత్తుగా వెళ్లడంలో మూడు రకాలున్నాయి. బయలుదేరడమే నిటారుగా బయలుదేరడం ఒకటి. మామూలు ఎత్తులో బయలుదేరి, కొంత దూరం వెళ్లాక మళ్లీ పైకెక్కడం రెండోది. క్లబ్‌హెడ్ (క్లబ్ తల) పైఅంచుకు తగిలి నెత్తిమీదికి ఎగిరిపోవడం మూడోది. వీటిని ఒకే జబ్బుగా భావించి ఒకే మందు వాడటం వల్లనే చాలామంది ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతున్నారు. మీ వర్ణనను బట్టి మీది రెండో రకం. అంటే దోషం ఎత్తులో కన్నా బ్యాక్‌స్పిన్‌లో, అంటే బంతి వెనక్కి తిరగడంలో ఉంది.

వెనక్కి తిరుగుతూ ముందుకు సాగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్లిస్తుంది, దానికి ప్రతిగా గాలి బంతిని పైకి నెడుతుంది. గోల్ఫ్ బంతి విషయంలో ఈ సంగతిని 1890ల దశకంలోనే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ వివరించారు. ఈ స్పిన్ అసలే లేకపోతే డ్రైవ్ త్వరగా నేలకు దిగిపోతుంది, కాబట్టి అది మనకు శత్రువు కాదు. మితం తప్పినప్పుడు మాత్రం బంతి తన వేగాన్ని ముందుకు పోవడానికి కాక పైకెక్కడానికి ఖర్చు చేసుకుంటుంది, పడ్డ తరువాత దొర్లదు కూడా. సాధారణ ఆటగాడి డ్రైవ్‌కు నిమిషానికి 2,200 నుంచి 3,000 భ్రమణాలు సరిపోతాయి. మీరు చెప్పిన తరహా డ్రైవ్‌లలో అవి 4,000 దాటడం అరుదేమీ కాదు.

ఆ అదనపు స్పిన్ ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు విషయం. బంతిని తాకే క్షణంలో ఫేస్ ఎంత పైకి చూస్తోంది, క్లబ్‌హెడ్ ఏ కోణంలో ప్రయాణిస్తోంది అన్న రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ స్పిన్ పెరుగుతుంది. ఉదాహరణకు ఫేస్ 15 డిగ్రీలు పైకి చూస్తూ, క్లబ్‌హెడ్ 4 డిగ్రీలు కిందికి దిగుతూ ఉంటే తేడా 19 డిగ్రీలు. అదే ఫేస్‌తో క్లబ్‌హెడ్ 3 డిగ్రీలు పైకి లేస్తూ తాకితే తేడా 12 డిగ్రీలే. ఇప్పుడు మీ మిత్రుల సలహాను దీని పక్కన పెట్టి చూడండి: 9 డిగ్రీల డ్రైవర్ మీకిచ్చేది డిగ్రీన్నర మార్పు, స్వింగ్ దిశను సరిచేసుకుంటే దక్కేది అంతకు నాలుగైదు రెట్లు. పైగా లాఫ్ట్ తగ్గినకొద్దీ కుడివైపు వంగడం సాధారణంగా మరింత స్పష్టంగా బయటపడుతుంది. మీకు ఆ బాధ ఇప్పటికే ఉంది. తాకే సమయంలో ఫేస్ కుడివైపు తెరుచుకుంటే లాఫ్ట్ కూడా పెరుగుతుంది కాబట్టి, వంగడానికీ ఎత్తుకూ మూలం ఒకటే అయ్యే అవకాశం ఉంది. చాలాసార్లు గ్రిప్‌లో ఎడమచేతిని కాస్త కుడివైపు తిప్పి పట్టుకోవడంతోనే రెండూ తగ్గుముఖం పడతాయి.

టీని దించడం ఎందుకు పనిచేయలేదో కూడా చెప్పాలి. డ్రైవర్ ఫేస్ నిలువునా కొద్దిగా గుండ్రంగా ఉంటుంది. మధ్యభాగానికి దిగువన తగిలిన బంతి తక్కువ ఎత్తులో బయలుదేరి ఎక్కువ స్పిన్ పొందుతుంది, ఎగువన తగిలినది ఎక్కువ ఎత్తులో బయలుదేరి తక్కువ స్పిన్ పొందుతుంది. టీ దించినప్పుడు బంతి ఫేస్ దిగువ భాగానికి తగులుతుంది, అంటే తగ్గించాలనుకున్న స్పిన్‌నే మీరు పెంచుకున్నారు. డ్రైవర్‌ను నేల మీద ఆనించినప్పుడు బంతిలో సగం క్లబ్‌హెడ్ పైఅంచు కన్నా ఎత్తులో కనిపించేలా టీని అమర్చుకోండి.

ఈ మాటను నమ్మే ముందు పరీక్షించుకోండి. పాదాలకు వాడే పౌడర్ స్ప్రేను ఫేస్ మీద పలుచగా కొట్టి పది బంతులు ఆడితే, బంతి ఎక్కడ తగులుతోందో మచ్చలే చెబుతాయి. మచ్చలు ఫేస్ దిగువన, క్లబ్ కర్రకు దగ్గరి వైపు గుమిగూడి ఉంటే మీ సమస్యకు కారణం కళ్లెదుట ఉన్నట్టే. కుడిచేతి ఆటగాడైతే బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, కుడి భుజాన్ని కాస్త కిందికి దించి నిలబడండి. అయితే పైకి కొట్టాలన్న ఆత్రంతో బరువంతా కుడికాలి మీదే వదిలి, మణికట్లతో బంతిని ఎత్తే ప్రయత్నం చేయకండి. అలా చేస్తే రెండో రకం నయమై మొదటి రకం మొదలవుతుంది. బంతిని లేపే పని లాఫ్ట్‌ది, మణికట్లది కాదు.

ప్రశ్న: నా డ్రైవర్ పైభాగంలో తెల్లటి గీతలు పడుతున్నాయి. బంతి నిట్టనిలువుగా లేచి దగ్గరలోనే పడుతోంది. టీ ఎత్తు తగ్గించుకోనా?

జవాబు: మీది పైన చెప్పిన మూడో రకం. క్లబ్‌హెడ్ గొడ్డలిలా నిటారుగా కిందికి దిగుతూ బంతి అడుగుకు చేరుతోంది. టీ తగ్గిస్తే గీతలు తగ్గవచ్చు గానీ దిగే కోణం మారదు. డౌన్‌స్వింగ్‌ను (క్లబ్‌ను పైనుంచి బంతి వైపు దించడాన్ని) భుజాలతో మొదలుపెట్టి పైభాగాన్ని బంతి మీదికి తోసేవారికి, బంతిని పాదాల మధ్యకు లాగి ఉంచేవారికి ఇది ఎక్కువగా వస్తుంది. బంతికి ముందు, లక్ష్యం వైపున ఒక అడుగు దూరంలో ఖాళీ అట్టపెట్టెను ఉంచి, క్లబ్‌హెడ్ దాన్ని తాకకుండా పైనుంచి సాగిపోయేలా సగం వేగంతో సాధన చేయండి. పెట్టె చెదరని స్వింగ్‌లు వరుసగా పది పడ్డాకే పూర్తి వేగానికి వెళ్లండి.

ప్రశ్న: నా క్లబ్‌హెడ్ వేగం గంటకు 85 మైళ్లు. ఎత్తుగా కొడుతున్నానని అందరూ అంటున్నారు. నిజంగా అది తప్పేనా?

జవాబు: కాకపోవచ్చు. మీ వేగానికి ఎత్తు కావాలి. బంతి 13 నుంచి 15 డిగ్రీల కోణంలో బయలుదేరుతూ, పడ్డాక కొంత దొర్లుతూ ఉంటే దాన్ని మార్చకండి. టీవీలో కనిపించే వృత్తి ఆటగాళ్ల డ్రైవ్‌లతో పోల్చుకోవద్దు, వారి వేగం 110 మైళ్లు దాటి ఉంటుంది. ఎదురుగాలిలో మాత్రమే ఇబ్బందిగా ఉంటే గ్రిప్‌ను రెండంగుళాలు కిందికి పట్టుకుని, మామూలు కన్నా నెమ్మదిగా ఆడండి. గాలిని జయించాలని బలంగా కొడితే స్పిన్ పెరిగి, బంతి ఇంకా పైకి పోతుంది.