నీ వ్యాసంలో పాట వినబడడం లేదు

చిరంజీవికి ఆశీస్సులు.

పాశ్చాత్య దేశాల ముస్లిం యువత సంగీతంపై నువ్వు పంపిన వ్యాసం చదివాను. వివరాలు బాగానే సేకరించావు గాని, ప్రతి గాయకుణ్ణీ "రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్న యువకుడు" అని తేల్చేశావు; ఆ మాట రాశాక పాట వినవలసిన అవసరం నీకు గాని, పాఠకుడికి గాని మిగలలేదు.

గాయకుడు రషీద్ తాహానే తీసుకో. అల్జీరియాలో పుట్టి, చిన్నతనంలోనే ఫ్రాన్సుకు వచ్చి, లియాన్ ప్రాంతంలో ఫ్యాక్టరీ పని చేసిన ఆ యువకుడి బృందం, విదేశీయులు చూపవలసిన నివాస అనుమతి పత్రం పేరునే, 'కార్త్ ద సెజూర్' అని, తన పేరుగా పెట్టుకుంది. 1986లో వాళ్ళు, షార్ల్ త్రెనే 1940లలో పాడగా ఫ్రెంచివారందరికీ నోటికి వచ్చేసిన 'దూస్ ఫ్రాన్స్' (మధురమైన ఫ్రాన్స్) పాటను మళ్ళీ పాడారు. చర్చి గోపురమున్న పల్లె, బడి రోజుల బెంగ, అన్నీ అలాగే ఉంచి, అరబ్బు సంగీతపు నడకలో, తాహా బొంగురు గొంతుతో వినిపించారు. ఫ్రాన్సులో పుట్టిన విదేశీయుల పిల్లలకు పౌరసత్వం దానంతట అది రాకూడదని, వాళ్ళే కోరి తీసుకోవాలని ప్రభుత్వం బిల్లు తలపెట్టిన సంవత్సరమది. మాజీ సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ ఆ రికార్డును పార్లమెంటు సభ్యులకు పంచిపెట్టాడు. ఒక్క నినాదమూ లేని పాట నిరసన ఎలా అయిందో నువ్వు చెప్పాలి. అందులో నలుగుడు నాకు కనబడదు. ఈ దేశం నాదీ అనే దర్జా, దాని వెనకే కొంత వెటకారం వినబడతాయి. వెటకారమెంత, ప్రేమ ఎంత అని తూచడానికి తొందరపడకు.

అతణ్ణి ఇస్లాంకు ప్రతినిధిగా నిలబెట్టడమూ సరికాదు. తీగ వాద్యాలూ, ఊదే వాద్యాలూ కూడవనే కొందరి మతాభిప్రాయాన్ని మన్నించి, గొంతులూ తాళవాద్యాలతోనే ర్యాప్ కట్టిన వాషింగ్టన్ బృందం 'నేటివ్ దీన్'తో అతణ్ణి ఒకే పేరాలో కలిపేశావు. మన ముస్లింవాద కవిత్వంతో పోల్చిన వాక్యాలూ తీసెయ్యి. అక్కడి వలసపాలన చరిత్ర వేరు.

ఫ్రెంచి ర్యాపర్ మెదీన్ భాగం మాత్రం పూర్తిగా తిరగరాయి. 2005 నాటి అతని ఆల్బమ్ పేరులో 'జిహాద్' అని చూసి, అతి పెద్ద పోరాటం తనతోనేనన్న ఉపశీర్షికను వదిలేసినవారిని తప్పుపట్టావు, సబబే. కాని 2018లో పారిస్‌లోని బతక్లాన్ హాలులో అతని కచేరీలు వద్దన్న వారినందరినీ ఒకే గాటన కట్టావు. 2015 నవంబరులో ఆ హాలులోనే ఉగ్రవాదుల దాడిలో 90 మంది హతులయ్యారు. అభ్యంతరం చెప్పినవారిలో తీవ్ర రైటిస్టులే కాక, మృతుల బంధువులూ ఉన్నారు. వారిద్దరి గొంతులూ విడివిడిగా వినిపించు. ఆ కచేరీలు రద్దయి, 2019 ఫిబ్రవరిలో పారిస్‌లోనే జెనిత్ వేదిక మీద అతను పాడిన సంగతి కూడా చేర్చి పంపు.