"గెట్" అర్థం కావాలంటే "వచ్చింది"ని గుర్తు చేసుకోండి

పోయిన శనివారం తెనాలి దగ్గరి ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఎడిసన్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చింది. న్యూజెర్సీలో దిగి ఆరు వారాలైందట. అన్నం తింటూ, "అక్కా, పరీక్షల కోసం పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలన్నీ నేర్చుకున్నాను. ఇక్కడ చూస్తే అందరూ పొద్దస్తమానం గెట్, గాట్ అంటారు. ఒక్కోసారి ఒక్కో అర్థం. నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది" అంది. ఇరవై రెండేళ్ళ కిందట నాదీ ఇదే బాధ. అందుకే ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నిఘంటువులో గెట్ అంటే "పొందు" అని ఉంటుంది. కానీ మనం ఇంట్లో ఎప్పుడైనా "పొందాను" అంటామా? ఉద్యోగం వచ్చింది, జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, మెసేజ్ వచ్చింది అంటాం. "నాకు" అని మొదలుపెట్టి "వచ్చింది" అని ముగిస్తాం. ఇంగ్లిష్‌లో ఆ "నాకు" కాస్తా "నేను" అవుతుంది, "వచ్చింది" ఉన్నచోట గెట్ వస్తుంది. ఐ గాట్ ఎ జాబ్. ఐ గాట్ ఎ ఫీవర్. ఐ గాట్ యువర్ మెసేజ్. "నాకు అర్థమైంది" అన్నా అంతే, ఐ గాట్ ఇట్. చీకటి పడుతోంది, ఆకలేస్తోంది, ఆలస్యమవుతోంది లాంటి మార్పులకు కూడా గెట్టింగ్ డార్క్, గెట్టింగ్ హంగ్రీ, గెట్టింగ్ లేట్ అంటారు. అయితే "నాకు ఈత వచ్చు" దగ్గర ఇది పనిచేయదు, అది తెలిసి ఉండటం. చుట్టాలు ఇంటికి వస్తే అది కమ్. ఈ రెండూ పక్కన పెడితే, నేను చూసినంతవరకు మన "వచ్చింది" చాలాచోట్ల దారి చూపిస్తుంది.

తప్పకుండా జాగ్రత్త పడాల్సింది బండ్ల దగ్గర. అమీర్‌పేటలో బస్సు దిగడానికి మనం "గెట్ డౌన్" అంటాం. ఇక్కడ "గెట్ డౌన్!" అని ఎవరైనా అరిస్తే ప్రమాదం ఉంది, కిందికి వంగమని అర్థం. బస్సు, రైలు, విమానం ఎక్కితే గెట్ ఆన్, దిగితే గెట్ ఆఫ్. కారుకు గెట్ ఇన్, గెట్ అవుట్. లోపల లేచి నడవగలిగే బండికి ఆన్, ఆఫ్ అని, వంగి కూర్చునే బండికి ఇన్, అవుట్ అని గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట: పోలీసులు మీ కారు ఆపితే, మన ఊళ్ళోలాగా దిగి వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళకండి. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టుకుని సీట్లోనే కూర్చోండి. "గెట్ అవుట్ ఆఫ్ ది కార్" అని వాళ్ళే చెప్తే, అప్పుడు నెమ్మదిగా దిగండి. ఈ ఒక్క విషయం మీ పిల్లలకు, చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు కూడా చెప్పండి.

కాగితాల మీద గెట్ తగ్గించండి. మాటల్లో అది సహజమే కానీ రెజ్యూమెలో, వీసా ఉత్తరాల్లో పలచగా కనిపిస్తుంది. అక్కడ దాని బదులు వాడే మాటలకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఉంది. మన ప్రయత్నం లేకుండా చేతికి అందితే రిసీవ్: ఇమిగ్రేషన్ ఆఫీసు పంపే ఐ-797 నోటీసు రిసీవ్ చేసుకుంటాం. అప్లై చేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదిస్తే అబ్టెయిన్: డ్రైవింగ్ లైసెన్స్ అబ్టెయిన్ చేస్తాం. ఏళ్ళ తరబడి కూడబెట్టిన నైపుణ్యానికి, కొన్న ఆస్తికి ఎక్వైర్. వెళ్ళి తెచ్చి ఇవ్వడం ఫెచ్, కానీ దాన్ని మనుషులకు పని చెప్పేటప్పుడు వాడకండి, కుక్కకు బంతి విసిరినప్పుడు వినిపించే మాట అది.

ఇంటర్వ్యూ అయ్యాక "వి విల్ గెట్ బ్యాక్ టు యు" అంటారు. మళ్ళీ కబురు చేస్తామని మాత్రమే దాని అర్థం, ఉద్యోగం ఖాయమని కాదు. నాకు మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు ఊళ్ళో నాన్నకు ఫోన్ చేసి దాదాపు వచ్చేసినట్టే అని చెప్పాను. రెండు వారాలు చూశాను, ఫోన్ రాలేదు. ఆయనకు మళ్ళీ ఫోన్ చేసి రాలేదని చెప్పడం ఎంత కష్టమైందో నాకింకా గుర్తుంది. మీరు వారం చూసి, మర్యాదగా నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. ఈలోగా వేరేచోట ప్రయత్నాలు ఆపకండి.

"యు గెట్ ఇట్?" అని పై అధికారిని అడగొద్దు, చిన్నచూపు చూసినట్టు ఉంటుంది. "డజ్ దట్ మేక్ సెన్స్?" బాగుంటుంది.

లండన్‌లో చుట్టాలుంటే ఒక తేడా గమనిస్తారు. ఇక్కడివాళ్ళు "హావ్ గాటెన్" అంటారు, అక్కడివాళ్ళు "హావ్ గాట్" దగ్గరే ఆగిపోతారు. మీ పిల్లలు స్కూలు నుంచి గాటెన్ నేర్చుకొస్తే దిద్దకండి, అమెరికాలో అది సరైన మాటే.

ఇక హోటల్లో బిల్లు వచ్చినప్పుడు తోటి ఉద్యోగి "ఐ గాట్ దిస్" అంటే, డబ్బు నేనే కడతానని. మన ఇళ్ళల్లోలాగా బిల్లు లాక్కోనక్కర్లేదు. "థాంక్స్, ఐ విల్ గెట్ ది నెక్స్ట్ వన్" అనండి. వచ్చేసారి బిల్లు రాగానే మీరే ముందు చెయ్యి చాపండి.